నవీనకు భయమున్నదని రాసిచ్చిన ముచ్చట

కరీంనగర్

మందమర్రి వాస్తవ్యులు, విశ్రాంత గని కార్మికులు శ్రీ ఇస్తారి గారికి నమస్కారములు.

మీ తమ్ముని కుమార్తె నవీన జొన్నరొట్టెల దుకాణం పెట్టుకుంటానని మా స్వయం ఉపాధి కేంద్రానికి దరఖాస్తు పంపారు. మందమర్రి బస్టాండు వెనుక మేము కట్టించిన కొత్త గదుల్లో ఒకటి కోరుతున్నారు. గదులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. అందువల్ల వ్యాపారంలో నిలబడగల గుణాలున్న వారికే ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. ఆమెకు తండ్రి లేరు కనుక పెంచిన పెద్దగా మీరు రాసివ్వాలి. ఆమెకు సాహసం ఉందా? ఆత్మవిశ్వాసం ఉందా? పట్టిన పని వదలకుండా ముందుకే పోతారా? నలుగురిని నడిపించగలరా? దయచేసి నిజం మాత్రమే రాయండి.

భవదీయుడు,
భానుప్రసాద్, పర్యవేక్షకుడు

గమనిక: ఇదే సంగతి ముందు ఫోన్‌లో అడిగాను. మీరు "సైరన్ మోగిందా?" అని నన్నే అడిగి పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.


మందమర్రి

భానుప్రసాద్ సారుకు ఇస్తారి శెనార్తులు. మా ఇంట్ల అందరం మంచిగున్నం, నా ఎడమ మోకాలు తప్ప.

ఫోన్ల మీరని నాకు ఎరుక లేదు సారు. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన. బొగ్గు పేల్చే మందు చప్పుడుకు చెవులు బాయిలనే ఉండిపోయినయి, నేనొక్కన్నే రిటైరైన. చదువంటరా, బడి మొఖం చూడలే. పొట్లం కట్టిన కాగితాలు ఇప్పి చదువుకుంట అక్షరాలు నేర్చిన. అందుకే నాకు ఏ కథ ఎరుకైనా సగమే ఎరుక. మిగిలిన సగం ఇంకో పొట్లానికి పోయి ఉంటది.

అసలు ముచ్చటకొస్త. దేవుని దయవల్ల మా పిల్లకు మీరు రాసిన గుణాలల్ల ఒక్కటి సుత లేదు. గుండె మీద చెయ్యి పెట్టుకోని రాస్తున్న.

నా పని బాయిల పైకప్పు కూలకుండ కట్టె దిమ్మెలు నిలవెట్టుడు. లోపలికి పోంగనే ముందుగాల కట్టెతోని పైకప్పు తట్టాలె. గట్టిగుంటే ఖంగుమంటది. డొల్ల ఉంటే బొద్‌మంటది. బొద్‌మన్నప్పుడు ముందుకు పోయెటోడు మొనగాడు కాదు సారు, ఎనుకకు మర్లెటోడు మొనగాడు. గా అలవాటు నాకింక పోలే. పోయినేడు ఆసిఫాబాద్‌ల పెండ్లికి పోయి, బువ్వకు కూసునే ముందు పైకప్పు తడితే, పిల్ల తండ్రి నేను హాలు కూలగొడుతున్న అనుకోని ఉరికొచ్చిండు. ఇప్పుడు నాకు ఇనవడది గద, అందుకని కట్టె నాది, చెవులు నవీనయి. నేను తడుత, అది ఇంటది. తల నిలువుకు ఊపితే కూసుంట, అడ్డం ఊపితే లేస్త. ఇన్నేండ్లల్ల ఒక్కపారి సుత తప్పు చెప్పలే.

గసొంటి పిల్లకు సాహసం ఎట్లుంటది? పెనం మీద నీళ్లు చల్లి, చుయ్‌మంటెనే రొట్టె ఏస్తది. ఆత్మవిశ్వాసం అసలే లేదు. మొదటి రొట్టె తాను తిని, రెండోది నాకు పెట్టి "ఎట్లుంది పెద్దబాపు?" అంటది. బాగుందంటే నమ్మది, పోయి మా ఆమె సారక్కను అడుగుతది. ముందుకే పోవుడు లేదు, పిండి పల్చనైతే మల్ల మొదటి కాడికొచ్చి పిసుకుతది. నలుగురిని నడిపియ్యదు, నన్ను, సారక్కను తప్ప.

గింత మంచి పిల్ల మీకు దొరకది. గది జల్ది ఇయ్యిండ్రి.

ఇట్లు, ఎనుకకు మర్లి బతికినోడు,
ఇస్తారి

మరిచిన ముచ్చట: సాహసం ఉన్నోడే కావాలంటే మా వాడకట్టుల ఒకడున్నడు. మొన్న కరెంటు తీగెకు కొండి తగిలియ్యవోయి దవాఖానల వడ్డడు. పేరు రాయాల్నా?


కరీంనగర్

ఇస్తారి గారికి నమస్కారములు.

అభ్యర్థికి కావలసిన గుణాలు ఒక్కటీ లేవని పెంచినవారే గుండె మీద చేయి పెట్టుకుని రాసినందున, నవీన దరఖాస్తును కమిటీ పక్కన పెట్టిందని తెలియజేయడానికి విచారిస్తున్నాను. సొంత మనిషి అని చూడకుండా నిజం రాసినందుకు సభ్యులు మిమ్మల్ని ప్రత్యేకంగా అభినందించారు.

భవదీయుడు,
భానుప్రసాద్

గమనిక: కరెంటు తీగ మనిషి పేరు మాకు అవసరం లేదు. అయితే ఒక సభ్యుడు అడిగారు.


మందమర్రి

సారుకు ఇస్తారి రాసేదేమంటే, ఇక్కడ క్షేమం అని రాయాలంటే చెయ్యి వస్తలేదు.

మీ కాగితం నవీననే చదివింది. చదివి మడిచిపెట్టింది. పిండి పిసికింది, రొట్టె తట్టింది, నాకు పెట్టింది. "ఎట్లుంది?" అని మాత్రం అడగలే. పదేండ్ల సంది జాకెట్లు కుట్టి, కుట్టి, సూదిల దారం ఎక్కియ్యనీకి ఇప్పుడే కండ్లు చికిలిస్తుంది. రొట్టెల దుకాణం ఒక్కటే దాని ఆశ. దాన్ని నేనే నా చేతిరాతతోని ఆర్పిన.

సారు, మీరు రాసిన గుణాలన్నీ ఉన్న మనిషిని నేనెరుగుదు. నా తమ్ముడు వెంకటి, గీ నవీన బాపు. సాహసం ఉండె. తన మీద తనకు నమ్మకం ఉండె. అందరికన్న ముందట నడిచెటోడు. ఒకనాడు పైకప్పు తడితే బొద్‌మన్నది. "ఎనుకకు రా తమ్మీ" అన్న. "నువ్వెప్పుడు గిట్లనే అంటవన్నా" అని నవ్వి, మర్చిపోయిన టిఫిన్ డబ్బ తెచ్చుకుంటనని లోపలికి పోయిండు. అన్ని గుణాలతోని పోయిండు. ఇప్పుడు గోడ మీద ఫోటోల ఉన్నడు. అండ్ల సుత నవ్వుతనే ఉన్నడు.

అయినా మీ అంగట్ల గదే సరుకు చెల్లుతదంటే, అది సుత రాసిస్త. తీసుకోండ్రి:

నవీనకు భయమన్నదే లేదు. కాలే పెనం వట్టి చేతులతోని పడుతది. పిండి పాడైనా ఎనుకకు తగ్గది, గదే వడ్డిస్తది. రొట్టె మాడినా ఆత్మవిశ్వాసంతోని పెడుతది, బాగలేదన్నోని మాట చెవులవెట్టది. నలుగురిని నడిపియ్యమన్నరు గద, మొన్న ఒకాయన కారం ఎక్కువైందంటే గల్లీ చివరిదాంక నడిపించి వచ్చింది.

ఇట్లు, మీరు కోరిన తీర్గ,
ఇస్తారి

మరిచిన ముచ్చట: గీ ఉత్తరంల మొదటి సగం నిజం. రెండో సగం మీ కమిటీ కోసం.


కరీంనగర్

ఇస్తారి గారికి నమస్కారములు.

మీ రెండో ధ్రువపత్రం కమిటీలో చదివాం. రెండు ఉత్తరాల్లో ఉన్నది ఒకే నవీననా అని సభ్యులు అడిగారు. ఆమెకు గది ఇచ్చేముందు ఫైర్ స్టేషన్‌కు ఒక మాట చెప్పడం మంచిదని ఒకరు సూచించారు. కారం గురించి మాట్లాడిన ఆయన ఇప్పుడు క్షేమమేనా?

మీ తమ్ముడి సంగతి చదివాక మాత్రం నేనే లేచి, స్వయంగా చూసి వస్తానన్నాను. మంగళవారం వస్తున్నాను. ఒక గది ఆపి ఉంచాం. తాళంచెవి నా జేబులో ఉంటుంది.

మీ,
భానుప్రసాద్

గమనిక: భోజనం ఏర్పాట్లు వద్దు. పరిశీలన కోసం రెండు రొట్టెలు చాలు.


మందమర్రి

భానుప్రసాద్ సారుకు దండం పెట్టి, మాఫీ అడిగి ఇస్తారి రాసేది.

మంగళవారం మీరు తాళంచెవి చాపిన చెయ్యి గాలిలనే ఉండిపోయింది, అది నా కండ్లల్లనే ఉన్నది. రెండు రొట్టెలు చాలన్న మనిషి ఆరు తిన్నరు, పరిశీలన గట్టిగ చేసిండ్రు. గదిచ్చే మనసు మీకున్నదని నాకప్పుడే సమజైంది.

గానీ ఏం చేస్తం సారు? గదిల అడుగువెట్టంగనే నాలుగు మూలల తట్టిన. నవీన దిక్కు చూసిన. తల అడ్డం ఊపింది. మల్ల తట్టిన. మల్ల అడ్డమే. "అమ్మా, ఇది కొత్త స్లాబు" అని మీరంటే, "పెద్దబాపుకు నేను అబద్ధం చెప్తనా సార్?" అన్నది. ఇగ దాని మీద మాటుంటదా? వెంకటి బిడ్డను డొల్ల కప్పు కింద ఎట్ల కూసోవెడుత?

బయటికొచ్చినంక అదే అన్నది: "బాయి గేటు ముందట తోపుడు బండి పెడుత పెద్దబాపు. బండికి పైకప్పుండదు, పడేదేముండదు." బండెక్కడిదంటే దోస్తు కావ్య ఇప్పిస్తదన్నది. బండి తోసుకుంట తిరుగుడు నాకు పసందు లేదు. గానీ పైకప్పు లేని దుకాణానికి నేనేం వంక పెట్టాలె?

మిగిలిన గదులల్లకు సుత ఎవ్వలను పంపకుండ్రి. వెంకటి మీద ఒట్టు, ఆ స్లాబు డొల్ల. మనుషుల పానాలు సారు.

ఇట్లు, మీ మేలు మరువని
ఇస్తారి

మరిచిన ముచ్చట: ఎండకు బండికొక గొడుగు కట్టినం. తట్టి చూసిన. బట్టేనాయె. అయినా నవీన ఇని, నిలువుకే ఊపింది.


కరీంనగర్

ఇస్తారి గారికి నమస్కారములు.

మీరు తమ్ముడి మీద ఒట్టేశారు కనుక, గదుల పంపకం మొత్తం ఆపించాను. ఇంజనీర్లను పిలిపించాం. సుత్తులతో కొట్టారు, యంత్రాలు పెట్టి చూశారు. ఆ స్లాబు మీద ఇంకో రెండు అంతస్తులు కట్టుకోవచ్చని తేల్చారు.

"డొల్ల అని చెప్పిందెవరు?" అని పెద్ద ఇంజనీరు అడిగారు. ముప్పై ఏళ్లు గనిలో పైకప్పులు తట్టిన పెద్దమనిషి అన్నాను. "ఆయన చెవులతో విన్నారా?" అన్నారు. "లేదు, ఆయనకు వినపడదు" అన్నాను. అన్నాక నేనేమన్నానో నాకు అర్థమైంది.

కమిటీ నన్ను సంజాయిషీ అడిగింది. ఆ రోజు నిజంగా ఏం వినిపించిందో దయచేసి రాయండి.

మీ,
భానుప్రసాద్

గమనిక: ఉద్యోగానికి భయం లేదు. ఆఫీసులో నేను లోపలికి వస్తే అందరూ బల్లలు తట్టి చూస్తున్నారు, అంతే.


మందమర్రి

భానుప్రసాద్ సారుకు ఇస్తారి తల వంచి రాసేది.

మీ కాగితం జేబుల పెట్టుకోని బాయి గేటు కాడికి పోయిన. మొదటి షిఫ్టు ఇడిసిండ్రు. బండి సుట్టు మనుషులు, బొగ్గు మొఖాలతోని నిలవడి తింటుండ్రు. నవీన చేతులు ఆగుత లేవు.

"బిడ్డా, సార్ల గది బొద్‌మన్నదా?" అన్న.

మెల్లగ ఏదో అన్నది. నాకు ఇనవడలే. "ఏందీ?" అన్న. చెవి కాడికొచ్చి మొత్తుకున్నది: "గుడిగంట తీర్గ మోగింది పెద్దబాపు! నేనే అబద్ధం చెప్పిన!"

నాకంటే ముందు షిఫ్టంత ఇన్నది. నములుడు బందైంది.

"ఎందుకే?"

"ఆ గది కాడ వారం దినాలు నిలవడి చూసిన. కుక్కలు తప్ప ఎవ్వలు రారు. ఆకలంత గీ గేటు కాడ ఉన్నది. నీకు చెప్తే, సర్కారు గది వద్దంటవా అని లొల్లి చేస్తవు. కప్పు బాగలేదంటే ఒక్క మాట అనవు."

"బండి కావ్య ఇప్పిచ్చిందంటివి?"

"కుట్టుమిషన్ కావ్యకు అమ్మి తెచ్చిన. సారు రాకముందే."

ఎనుకకు మర్లే తొవ్వ ముందే అమ్ముకున్నదన్న మాట. నేనా, దానికి భయమున్నదని గుండె మీద చెయ్యి పెట్టుకోని రాసిస్తి. నాకు కోపం రాలే సారు. "మరి నా చెవులు నువ్వే గదనే. ఇగ నేను ఏ కప్పు కింద కూసోవాలె?" అన్న.

చేతుల పిండి కొంగుకు తుడుసుకోని వచ్చింది. ఈసారి మొత్తుకోలే, చెవి కాడ మెల్లగనే అన్నది. ఎట్లనో ఇనవడ్డది.

"నువ్వు కూసునే కప్పు మీద ఎన్నడు అబద్ధం చెప్పలే పెద్దబాపు. నేను కూసునే కప్పు మీద చెప్పిన."

గా మాటకు జవాబు మీ దగ్గరుంటే రాయండ్రి.

సారు, నా మొదటి కాగితం తప్పు. రెండోది ఇంకా తప్పు. మూడోది గిది: నవీనది భయమే, గానీ బాయిలకు దిగే మనిషి భయం. తట్టకుండ అడుగెయ్యది, తట్టినంక ఆగది. బస్టాండును తట్టింది, గేటును తట్టింది, నన్ను సుత తట్టింది. యాడ డొల్ల ఉన్నదో ఇన్నది. దాని బాపు మీద ఒట్టేసిన మనిషిని యాడ తడితే పలుకుతడో దానికి ఎరుకే.

ఆ గది ఇంకొకలకు ఇయ్యిండ్రి, గట్టి గది. కమిటీకి, స్లాబు మంచిదే, తట్టినోడే డొల్ల అని రాయండ్రి. మీకు మాట వచ్చినందుకు మాఫీ చెయ్యిండ్రి. పైకప్పు లేని దుకాణానికి ఒకపారి రాండ్రి, రొట్టె పెట్టి "ఎట్లుంది సార్?" అని అడుగుతది. మల్ల అడుగుతుంది సారు, అందరిని అడుగుతుంది.

ఇట్లు, తట్టవడ్డ
ఇస్తారి

మరిచిన ముచ్చట: మాపటీలి మా అర్ర పైకప్పు తట్టిన. నవీన నిలువుకు ఊపింది. నమ్మిన. నమ్మి, పోయి సారక్కను సుత అడిగిన.