ముప్పై మూడు దాటని గది

ఉప్పుగూడ, హైదరాబాదు
2 జూన్ 1980

గౌరవనీయులైన సిస్టర్ ఫిలోమినా గారికి,

మీ పాత విద్యార్థిని రాజమణి నమస్కారాలు. గుంటూరు బడిలో మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాళ్ల నొప్పి తగ్గిందా?

ఈ ఉదయం ఆఫీసు తాళం తీసి, మంచినీళ్ల కుండ నింపి, తడి చెయ్యి గోడకు ఆనించాను. ఐదు వేళ్ల అచ్చు పడింది. చూస్తుండగానే చిటికెన వేలు మాయమైంది, తర్వాత మిగతావి. గోడ ఆ నీళ్లు తాగేసింది. కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ గోడ గురించే మీకు రాయాలనిపించింది.

నేను చేనేత సహకార సంఘంలో టైపిస్టుగా చేరానని కిందటి ఉత్తరంలో రాశాను. జనవరిలో సంఘానికి ఇక్కడ స్టేషన్ దగ్గర ఒక పాత ధాన్యం గోదాము దొరికింది. మా కార్యదర్శి ఆనందరావు గారిది ఒకటే పట్టు. కరెంటు లేకపోయినా పని ఆగని ఆఫీసు కావాలి, ఉన్నదాన్ని పారేసి కొత్తది కొనకూడదు. అందుకోసం మల్లన్న అనే మేస్త్రిని పిలిపించారు. అరవై దాటిన మనిషి. మన బడి ప్రార్థన మందిరం గోడ మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ ఎండల్లో కూడా చెంప ఆనిస్తే చల్లగా ఉండేది. అది ఆయన చేసిందే.

ఆయన సిమెంటు వద్దన్నారు. సున్నాన్ని ఇరవై ఒక్క రోజులు నీళ్లలో నానబెట్టారు. తర్వాత ఇసుక కలిపి, బెల్లమూ కరక్కాయలూ నానిన నీళ్లు పోసి, గానుగలో తిప్పించారు. కమిటీ అధ్యక్షులు సీతారాం గారికి బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఉంది. బెల్లం బుట్ట చూసి ఆయనకు నవ్వు ఆగలేదు.

"ఏంది మేస్త్రీ, ఆఫీసు కడుతున్నవా, లడ్డూలు చుడుతున్నవా?"

"గోడకు తినవెడుతున్న సేటూ. అది కడుపు నిండ తింటెనే నిన్ను సల్లగ సూస్తది."

గోదాము తలుపులు మాకు బల్లలయ్యాయి. నా బల్ల మీద ఇప్పటికీ గొళ్లెం గుర్తు ఉంది, టైపు మిషను దాని పక్కనే పెట్టుకున్నాను. మగ్గాల మీద మిగిలిపోయిన నూలుతో పట్టీలు నేయించి కుర్చీలకు అల్లించారు. అందుకే మా ఆఫీసులో ఏ రెండు కుర్చీలూ ఒక రంగు కావు. అడుగు పగిలిన కుండలను పైకప్పు కింద గోడలో అడ్డంగా పొదిగారు. ఎందుకని అడిగితే మేస్త్రి బీడీ ముట్టించారు. పొగ తిన్నగా పైకి వెళ్లి కుండలో దూరి బయటికి పోయింది. వేడి గాలి పైకి పోతుందని బట్టీ పట్టి మీ దగ్గర నూటికి తొంభై తెచ్చుకున్నదాన్ని, ఆ పాఠాన్ని కళ్లతో చూడటం అదే మొదలు. ఆయన అరచేతులు సున్నానికి పగిలి ఉంటాయి. పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోకపోతే పొద్దున అన్నం ముద్ద పట్టనివ్వవు.

సీతారాం గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. సున్నం చెక్కేసి సిమెంటు పూయించి, కూలర్లు పెట్టించాలన్నారు. చివరికి కమిటీ ఒక తీర్మానం రాసింది. మే నెలంతా మధ్యాహ్నం రెండింటికి గదిలో వేడి చూసి రాయాలి. ఒక్కరోజు ముప్పై మూడు డిగ్రీలు దాటినా గోడలు చెక్కేయాలి. థర్మామీటరు ఆయనే కొనుక్కొచ్చారు. దస్తూరి బాగుంటుందని రిజిస్టరు నాకు అప్పగించారు. మేస్త్రికి నడుము సహకరించడం లేదు, దీని తర్వాత ఆయన తాపీ పట్టరు. చెక్కేస్తే ఆయన చేతి ఆఖరి పని అలా పోతుంది.

ప్రయోగశాలలో మీరు చెప్పిన మాట రోజూ తలుచుకున్నాను. కన్ను చూసిన అంకె రాయాలి, మనసు కోరిన అంకె కాదు. రెండయ్యేసరికి మేస్త్రి గుమ్మంలో నిలబడి, "మేడం, నీ గాజుపుల్ల ఏమంటున్నది?" అని నవ్వేవారు. నేను తలెత్తకుండా రాసేదాన్ని. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఇరవై రెండో తేదీన బయట నలభై మూడు. పొద్దుటి నుంచి కరెంటు లేదు. ముప్పై మూడు అని రాశాను.

మొన్న ముప్పై ఒకటో తేదీన సీతారాం గారు రిజిస్టరు చూడటానికి వచ్చారు. ఒక్కో పేజీ తిప్పి, ఇరవై రెండో తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు ఆగారు. ముప్పై మూడు. దాటలేదు. అప్పుడూ కరెంటు లేదు. రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారు, అలాగే నిద్రపోయారు. నేను టైపు చేయడం ఆపేశాను. ఆనందరావు గారు చెప్పులు విప్పి నడిచారు. నాలుగింటికి సీతారాం గారు లేచి చొక్కా వీపు తడుముకున్నారు. చెమట లేదు.

"మా దుకాణానికి గూడ గిట్ల జేస్తవా మేస్త్రీ?"

"నా నడుము ఒప్పుకోదు సేటూ. నేర్సుకునేటోన్ని పంపు, కూసొని నేర్పిస్త."

ఆ తర్వాత మేస్త్రి గోడను అరచేత్తో ఒక్కసారి తట్టి, తాపీ కడుక్కుని సంచిలో వేసుకున్నారు.

మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి.

మీ
రాజమణి

తా.క.: ఉత్తరం కవరులో పెట్టి మళ్లీ బయటికి తీశాను. మీ మాట నేను నిలబెట్టలేదు సిస్టర్. ఇరవై రెండో తేదీన నా కన్ను చూసిన అంకె ముప్పై ఒకటి. నెలంతా రోజూ రెండు డిగ్రీలు కలిపి రాశాను. నేను తప్ప ఆ గాజుపుల్లను వంగి చూసినవారు లేరు. రేపెప్పుడైనా సంగతి బయటపడి, పక్షపాతంతో తగ్గించి రాసిందని ఎవరూ అనకూడదనుకున్నాను. పాదరసం ఇంకొక్క గీత ఎక్కి ఉంటే ఆ గోడలను నా చేత్తోనే చెక్కించి ఉండేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ప్రార్థన మందిరం గోడ పూస్తున్న మనిషికి మంచినీళ్లు ఇచ్చి రమ్మని మీరు నన్ను పంపారు. ఆయన గ్లాసు అందుకుని, ముక్కూముఖం తెలియని పిల్లతో అన్నట్టు, "సల్లగుండు బిడ్డా" అన్నారు. నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఆ రోజు మీకు చెప్పలేదు. ఇక్కడ ఆఫీసులోనూ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మల్లన్న మేస్త్రి మా నాన్న, మా బాపు.