పప్పు ఉడికిన ఇల్లు

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. ఇవాళే చీరాల దగ్గర ఒక సముద్రపు ఊళ్ళో ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించాను. భర్త పేరు అన్నచోట నీ పేరు రాశారు. కారేపల్లిలో మన మిరప చేను అమ్మలేదు, కంగారు పడకు. ఖమ్మంలో రెండు గదులు కూడా రాని నా రిటైర్మెంటు డబ్బుకి ఇక్కడ మేడతో సహా ఇల్లే వచ్చింది.

బ్రోకర్ మొదట చూపించింది వాకిట్లోంచి సముద్రం కనిపించే ఇల్లు. నీ కోరికా అదే. ఖమ్మంలో కిరాయి ఇళ్ళు చూసేటప్పుడు నువ్వు చేసినట్టే, సంచిలోంచి గుప్పెడు కందిపప్పు తీసి, ఆ ఇంటి బోరు నీళ్ళు పోసి, ఇంటావిడ పొయ్యి మీదే పెట్టాను. బ్రోకర్ నవ్వాడు.

"ఇల్లు కొనడానికొచ్చారా అమ్మా, వంట చేయడానికా?"

"నీళ్ళు మంచిగ లేకుంటే పప్పు ఉడకదయ్యా. గసొంటి ఇంట్ల ఎట్ల బతుకుత?"

గంటైనా పప్పు పలుకుగానే ఉంది. లేచి వచ్చేశాను.

నాలుగు వీధులు లోపలున్న ఇంట్లో అరగంటకే మెత్తగా ఉడికింది.

"ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదండీ మరి" అన్నాడు బ్రోకర్.

"చూడబుద్ధైతే నడిచిపోత. రోజూ తాగేది గీ నీళ్ళే కదా."

నువ్వుంటే మొదటి ఇంటి వాకిట్లో నిలబడగానే పప్పు సంగతే మర్చిపోయేవాడివి.

కానీ బ్రోకర్‌కి తెలియనిది ఒకటుంది. మేడ మీద మునివేళ్ళపై నిలబడితే, పక్కింటి రేకుల మీదుగా సన్నటి నీలం గీత కనిపిస్తుంది. నువ్వైతే మామూలుగా నిలబడితే చాలు.