వయొలిన్ పెట్టిన చోటు

రామచంద్రపురం,
ఆదివారం.

హైమా,

మన ఆల్బమ్ విడుదలైందని నువ్వు చెప్పలేదు. నిన్న సామర్లకోట బస్సులో పక్క సీటావిడ ఫోనులో పెడితే విన్నాను. తెర మీది బొమ్మ చూసి, "ఇందులో ఉన్నది మీరేనాండీ?" అని అడిగింది. రెండు జడలు, బుట్టచేతుల జాకెట్లు, అమ్మమ్మ కాలం వేషాల్లో ఇద్దరం నవ్వుతున్నాం. అవునన్నాను. తర్వాత పాట మొదలైంది. ఎనిమిది పాటల్లోనూ నీ గొంతొక్కటే ఉంది.

నా గొంతు మరీ పాతగా ఉందని ఆల్బమ్ కంపెనీవాళ్ళు అన్నారట, సౌండ్ ఇంజనీరుకి ఫోన్ చేసి అడిగితే చెప్పాడు. పాతకాలం పాటల్లా ఉండాలనే కదా మనం చేసింది. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. నన్ను ఊరికి బస్సెక్కించి, నువ్వు మళ్ళీ స్టూడియోకి వెళ్ళి అన్నీ ఒక్కదానివే పాడావు. ఆ తర్వాత మూడు నెలలూ, "మిక్సింగ్ అవుతోందక్కా" అంటూ వచ్చావు.

చిన్నప్పటి నుంచీ చరణం చివర నీకు ఊపిరి అందదు. ఆ చివరి మాట నేనందుకుని సాగదీస్తే, నువ్వు ఊపిరి తీసుకునేదానివి. వినేవాళ్ళకి ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడక్కడ వయొలిన్ పెట్టారు.

వచ్చే నెల రాజమండ్రి ప్రోగ్రాములో నీ పక్కన నిలబడి పెదాలు కదిపితే చాలని ఇవాళ పొద్దున కబురు పెట్టావు. నేను రాను. వయొలిన్ ఆయనతో మాత్రం చెప్పు, నీ ఎడమ భుజం కాస్త లేవగానే అందుకోవాలని. ఆలస్యమైతే నీకు దగ్గొస్తుంది.

అక్క