వాదర మీద వేలు

రాకిషోక్,
మన ధర్మగ్రంథం తోరాలో 'షెమినీ' అధ్యాయం చదివే వారం, శుక్రవారం ఉదయం.

చిరంజీవి హిందెకు నాన్న మనసారా దీవించి వ్రాసే సంగతులు. దేవుని దయవల్ల మేమిద్దరం కులాసా. నీవూ, అల్లుడు ఫైవెలూ, దిష్టి తగలకూడదు గాని, నీ కడుపులోని బిడ్డా చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీ అమ్మ దగ్గు పస్కా పండుగతోనే పోయింది. కొంగ సంగతి అడిగావు. హీబ్రూ పేరులోనే దయ ఉన్న పక్షిని తినకూడని వాటిలో ఎందుకు చేర్చారని. అది తన జాతివాటికే తిండి పంచుతుంది, పరాయివాటికి పెట్టదు అంటారు పెద్దలు. రేపు ఆ అధ్యాయమే చదువుతాం. ఏది తినవచ్చో తేల్చే డెక్కలు, నెమరు, పొలుసులు అన్నీ అయ్యాక, 'నేను పవిత్రుణ్ణి గనుక మీరూ పవిత్రంగా ఉండండి' అంటాడు దేవుడు. వంటింటి కబుర్ల చివర అంత పెద్ద మాట ఎందుకని చిన్నప్పుడు నన్ను నిలదీసేదానివి.

ఇక నీ ఆరోగ్యం. రీగా వెళ్లినప్పటి నుంచి మాంసం ముట్టలేదనీ, రక్తం తక్కువైందని డాక్టరు కోప్పడ్డాడనీ వ్రాశావు. అయినా 'నాన్నా, నీ చేతి కోత అయితేనే తింటాను, కత్తి తీసుకుని రా' అన్నావు. మీ అమ్మ ఆ మాట మళ్లీ చదివించుకుని, "మీ మొండితనం ఎటూ పోలేదండీ, రీగాలో కాపురం చేస్తోంది" అంది. నేను నవ్వలేకపోయాను. కారణం వ్రాస్తాను.

నిన్న మన ఊరి పెషెమ్మ సబ్బాతు భోజనం కోసం తన కోడిని నా చేత కోయించడానికి తెచ్చింది. ఎప్పటిలాగే కత్తి వాదర మీద వేలి కొసనూ గోరునూ నడిపించి చూశాను, నున్నగా ఉంది. కోశాను. కోశాక మళ్లీ చూశాను, నున్నగానే ఉంది. ఆవిడ వెళ్లిపోయింది. కత్తి తుడుస్తుంటే ఎందుకో వేలి కొస మొద్దుగా, ఎవరిదోలా అనిపించింది. మీ అమ్మను పిలిచాను. ఆవిడ గోరు మెల్లగా జరిపి ఒకచోట ఆగింది.

"ఇక్కడ పట్టుకుంటోందండీ."

"సరిగ్గా చూడు తోయ్బె."

"పాతికేళ్లుగా మీ చొక్కాలు కుడుతున్నాను, దారం చిక్కిందీ లేనిదీ నాకు తెలియదా?"

కత్తి పట్టుకుని మతగురువు రబ్బీ గారి దగ్గరికి పరుగెత్తాను. వాదరలోని గంటు ఆయన వేలికీ తెలిసింది. మన ధర్మం ప్రకారం గంటున్న కత్తితో కోసినది తినదగినది కాదు.

పెషెమ్మ అప్పటికే రక్తం కారిపోయేలా కోడికి ఉప్పు పట్టించి పలక మీద పెట్టింది. నన్ను చూసి, "ఏం జెలిగ్ గారూ, కోడికి మళ్లీ ప్రాణం వచ్చిందా?" అంది. చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదయ్యా?"

"నాకు తెలుసు కదమ్మా."

చాలాసేపు తిట్టింది. నా కత్తినీ, నా గడ్డాన్నీ కూడా వదలలేదు. తరువాత తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుని, "కూర్చోండి, టీ తాగండి, మీ ముఖం నా కోడికన్నా తెల్లబడింది" అంది. ఆ కోడికి బదులు మా ఇంటి చేప ఆమెకు పంపించాం.

మళ్లీ రబ్బీ గారి దగ్గరికి వెళ్లాను. మిగిలిన వేళ్లనూ ఆయన ముందే పరీక్షించుకున్నాను. ఒక్కటీ ఆ గంటును పసిగట్టలేదు. కత్తులన్నీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను తల్లీ. మీ నాన్న ఇక కోత పని చేయడు. పవిత్రత నా చేతిలో ఉందని ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. 'పవిత్రంగా ఉండండి' అన్న ఆ వాక్యం వేళ్లు బాగున్నవారికి మాత్రమే చెప్పినది కాదని ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ఈ వయసులో పాఠం కొంచెం కష్టంగానే ఉంది.

కనుక నా కత్తి కోసం ఎదురుచూడకు. మీ పేటలో కోసే ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయనా రోజూ వాదర మీద వేలు పెట్టి భయపడే మనిషే అయి ఉంటాడు. ఈ ఉత్తరం అందిన రోజే ఆయన చేత ఒక కోడిని కోయించి వండుకుని తిను. వచ్చే నెల నేను రైలెక్కి వస్తాను. ఆ రోజు ఆయన కోసినదే వండు. ముందు నా కంచంలో వడ్డించు. నీ ఎదురుగా కూర్చుని తింటాను.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న