దొరసాని లేవనన్న చోటు

ప్రియమైన మేస్త్రీగారికి,

వందనాలు. మీరు పంపిన చెప్పులు అందాయి. ఒకటి సరిపోయింది, రెండోది కరుస్తోంది. దానికి కూడా నా మీద కోపమేనేమో.

అసలు సంగతి వినండి. మన మిషన్ ఆస్పత్రి మూసేస్తున్నారు. వానలు తగ్గాక తాళమట. పిల్లల వార్డు మంచాలు అప్పుడే లారీ ఎక్కించారు. నిన్న గంట మోగితే డ్యూటీకి వెళ్ళింది నేనూ, ఒక ఆయా. గంటకే లేచి, గంటకే తిని, గంట వినిపిస్తే పోట్లాట ఆపే ఊరు మనది. 'ఆ ఊళ్ళో కుక్కలు కూడా ప్రార్థన అయ్యాకే మొరుగుతాయి' అని బయటివాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు ఎటు నడవాలో తెలియక జనం వీధి మధ్యలో నిలబడిపోతున్నారు.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ
సిస్టరమ్మ

*

ప్రియమైన సిస్టరమ్మకి,

ఆస్పత్రి పోతోందంటే బాధే. చర్చి బెంచీల దగ్గర్నుంచి ఆపరేషన్ గది తలుపు దాకా, మా తాత చెయ్యో నాన్న చెయ్యో నా చెయ్యో పడని చెక్క ఆ ఊళ్ళో లేదు. అయినా ఒక మాట. ఇక నిన్ను అక్కడ పట్టి ఉంచేదేముంది? ఇక్కడ పట్నంలో మా కార్ఖానా వెనకే గది చూశాను. కిటికీ ఉంది. పక్క సందులో ప్రసూతి ఆస్పత్రికి నర్సు కావాలట. మా ఓనరు, "పెళ్ళాం ఉందంటావు, ఎప్పుడూ చూడలేదే! కథలు చెబుతున్నావా మేస్త్రీ?" అంటున్నాడు. వచ్చి నా పరువు నిలబెట్టు.

ఎదురుచూస్తూ,
నీ మేస్త్రీ

*

ప్రియమైన మీకు,

కోప్పడకండి. నేను రాలేను.

'పట్టి ఉంచేదేముంది' అని ఎలా రాయగలిగారు? మన ఊరు సువార్త కోసం పుట్టిందని బడిలో చెప్పారు. మా అమ్మమ్మ చెప్పింది వేరు. వాళ్ళమ్మ, సీమ నుంచి వచ్చిన మిషన్ డాక్టరు దొర భార్య దగ్గర, అదే మన దొరసాని దగ్గర, వంట చేసేది. వచ్చిన మొదటి ఎండాకాలమే దొరసాని పిల్లలిద్దరూ జ్వరంతో పోయారు. డాక్టరు దొర సామాను సర్దించి, బండి కట్టించి, "ఇక ఓడెక్కుదాం" అన్నాడు. ఆవిడ సమాధుల దగ్గర కూర్చుని, "మీరు వెళ్ళండి. పిల్లల్ని వదిలి నేను లేవను" అంది. దొర బండి విప్పించాడు. ఆవిడకి నీడ కోసం వేసిన పాకలోనే రోగుల్ని చూడడం మొదలుపెట్టాడు. ఆ పాకే ఆస్పత్రయింది. దాని చుట్టూ బడి, చర్చి, మన వీధులు వచ్చాయి. ఒక తల్లి లేవనంటే పుట్టిన ఊరండీ ఇది.

మన చిట్టి కూడా అక్కడే పడుకుంది. దాన్ని మట్టిలో పెట్టిన వారానికే మీరు పట్నం వెళ్ళిపోయారు. జీతం ఎక్కువన్నారు, సరే. మళ్ళీ ఒక్కసారైనా వచ్చి చూశారా? మర్చిపోవడం అంత తేలికా మగాళ్ళకి?

మీ భార్య

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం అందింది. ఈ సంగతి నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను.

ఊరికి వడ్రంగిని నేనొక్కణ్ణే. చిట్టి పోయిన రోజు పాస్టరుగారు కొట్టం దగ్గరికి వచ్చి, "పక్క ఊరి నుంచి ఎవరినైనా పిలిపిస్తానయ్యా, పాప పెట్టె నువ్వు చెయ్యకు" అన్నారు. నా బిడ్డకి పరాయివాడు చెక్క కోయడమేమిటని వద్దన్నాను. కొలత తీసుకోలేదు. ప్రతి పుట్టినరోజుకీ దాన్ని గుమ్మానికి ఆనించి గీత గీసింది నేనే కదా. లోపల గరుకు తగలకూడదని తడిమి తడిమి నున్నగా చేశాను. నువ్వు స్పృహ లేకుండా వార్డులో పడున్నావు. నీకు చెప్పొద్దని అందరికీ నేనే చెప్పాను.

ఆ తర్వాత ఏ చెక్క మీద రంపం పెట్టినా చేతులు ఆడలేదు. అందుకే వచ్చేశాను. నేనిక్కడ అల్మరాలు చేస్తున్నాననుకుంటున్నావు. కాదు, ఇనప గేట్లు అతుకుతున్నాను. చెక్క ముట్టుకోను.

ఇక రమ్మని అడగను.

నీ మేస్త్రీ

*

ఏమండీ,

మీ ఉత్తరం వార్డులోనే చదివాను. ఆ పూట నా పని ఆయా చేసింది.

ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను. ఒకే బిడ్డ కోసం గోడకి చెరో పక్క కూర్చుని ఏడ్చామన్నమాట.

సోమవారం ఆస్పత్రికి తాళం పడింది. సాయంత్రం చిట్టి దగ్గరికి వెళ్ళాను. 'అమ్మ నాన్న దగ్గరికి వెళ్తోంది' అని చెబుదామని వెళ్ళి, రాలిన ఆకులు ఏరుతూ కూర్చున్నాను. సమాధుల తోట చూసే తాత గడ్డి కోస్తూ, "వెళ్ళిరా అమ్మా. బతికున్నవాణ్ణి కూడా ఎవరో ఒకరు చూసుకోవాలిగా. పాప దగ్గర గడ్డి పెరగనివ్వను, నాది పూచీ" అన్నాడు. లేవలేక లేచాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. ఈ ఊరు రమ్మని మిమ్మల్ని అడగను. నవ్వుతూ ఉండమని నన్ను మీరు అడగకండి. ముందుగానే వచ్చి బస్టాండులో నిలబడండి. మీరు కనిపిస్తేనే దిగుతాను. లేకపోతే అదే బస్సులో వెనక్కి వచ్చేస్తానేమోనని నాకే భయంగా ఉంది.

మీ
చిట్టి వాళ్ళమ్మ