గేటు దగ్గర రాయి

చెల్లి హిల్లేకి,

నువ్వూ నీ మనవరాలు సాన్నే శనివారం వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. పిల్లకి ఇక్కడ ఏమేం చూపిస్తావని అడిగావు కదా. సైకిళ్ళకి గాలి కొట్టించాను, కానీ గట్టు మీద ఎదురుగాలి పిల్లను పడేస్తుందేమో. గాలిమర చూడొచ్చు, రెక్కల కిందికి మాత్రం పోనివ్వకు. జున్ను చేసే చోట నేల తడి. ఇదంతా విని మా అబ్బాయి వౌటర్, "అమ్మా, నీ మాటలు వింటే ఆ పిల్ల కారే దిగదు" అంటున్నాడు. వాణ్ణి నవ్వనీ.

అసలు బెంగ వేరే. మీ కొండల వైపు కాలువలు లేవు, సాన్నేకి ఇంకా ఈత రాదని నువ్వే రాశావు. ఇప్పుడిక్కడ కాలువల మీద నాచు కమ్మి అచ్చం పచ్చికలా ఉంది. మొన్న పక్కింటికి వచ్చిన పట్నం ఆయన, "ఎవరండీ ఇంత చక్కగా గడ్డి కోసింది?" అంటూ అడుగేసి నడుము దాకా దిగిపోయాడు. అందరూ నవ్వారు. ఆయన పొడగరి కాబట్టి సరిపోయింది. సాన్నే ఎంతుంటుంది?

అందుకని ఇంట్లోకి రాకముందే పిల్ల చేత ఇంటి ముందు కాలువలో ఒక రాయి వేయించు. మన చేత అమ్మ వేయించినట్టే. పచ్చదనం విడిపోయి నల్లటి నీళ్ళు కనబడతాయి, చూస్తుండగానే మళ్ళీ నాచు కమ్మేస్తుంది. చెప్పిన మాట పిల్లలు మరిచిపోతారేమో గానీ, అది మరిచిపోరు. గేటు దగ్గర పెద్ద రాయి పెట్టాను. చాలదేమోనని పక్కన ఇంకోటి కూడా పెట్టాను.

కాఫీ కాచి ఉంచుతాను. నీళ్ళ చప్పుడు వినబడ్డాకే తలుపు తీస్తాను, ఏమీ అనుకోకు.

మీ అక్క