కట్టేయకండి

జూలై 6, ఆదివారం

కంప్యూటర్ లోపల టిక్ టిక్‌మంటోంది. మొదట గోడ గడియారం అనుకున్నాను. మా గడియారం ఆగిపోయి చాలా రోజులైంది.

డైరీ తెలుగులోనే రాస్తాను. ఈ దీవిలో, గరాచర్మలో మా ఇంటికి ఇంతకు మించిన తాళం లేదు. మా ఆయన లోకేష్ ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం హిందీ. అత్తయ్యకి చదువే రాదు. మామయ్యకి తెలుగు చదవడం వచ్చు గానీ, ఆయన లోకేష్‌తో చెన్నై వెళ్లారు. గొంతులో గడ్డ. బుధవారం ఆపరేషన్. వాయిస్ బాక్స్ మొత్తం తీసేస్తారు.

చాతం మిల్లులో రంపాల మోతను మించి అరిచి అరిచి తయారైన గొంతు అది. ఇక్కడ పిలిస్తే డాలీగంజ్‌లో తలుపు తీస్తారని లోకేష్ వెక్కిరిస్తాడు. వెళ్లేముందు ఆదివారాలు, అత్తయ్య బజారుకి వెళ్లిన టైమ్‌లో, నా ఆన్‌లైన్ క్లాసుల హెడ్‌సెట్ తగిలించి ఆయన చేత మాట్లాడించాను. మిల్లు కబుర్లు, తిట్లు, మా పాప లిఖితని పిలిచే ముద్దుపేర్లు. అన్నీ ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను. ఇప్పుడు కాపీ కొడితే మొదట్లోనే నిలబడిపోతోంది.

అత్తయ్యకి ఇదేమీ తెలియదు. కొన్నాళ్లు గొంతు రాదు, తర్వాత మెల్లగా వస్తుందని లోకేష్ చెప్పాడు. అబద్ధం. నిజం చెబితే ఆవిడ తట్టుకోలేరట. నా నోరూ కట్టేశాడు.

జూలై 7, సోమవారం

తలో మాట. లోకేష్ ఫోన్‌లో షట్‌డౌన్ చేసేయమన్నాడు, వేడెక్కి తగలబడితే ఎవరిది పూచీ అన్నాడు. స్టాఫ్ రూమ్‌లో కళ్యాణి టీచర్ స్లీప్‌లో పెట్టు, అది సేఫ్ అంది. ఆమె కంప్యూటర్‌లో ఎవరి గొంతూ లేదు మరి. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

చివరికి బతు బస్తీ రిపేర్ షాపు గణేష్ భయ్యాకి ఫోన్ చేశాను. హేవ్‌లాక్ దీవిలో ఏదో హోటల్ పని మీద ఉన్నాడు. ఆ టిక్ టిక్ ఫోన్‌లోనే వినిపించాను. దీదీ, బంద్ మత్ కరో, స్లీప్‌లో కూడా పెట్టొద్దు, డిస్క్ తిరుగుతున్నంతసేపే మన చేతిలో ఉంటది, ఆగిందంటే మళ్లీ లేస్తదో లేదో అన్నాడు. కాపీ కూడా కొట్టొద్దన్నాడు. గురువారం సాయంత్రం బోట్‌కి వస్తాడట, కొత్త డిస్క్ తెచ్చి తనే తీస్తాడట.

గురువారం దాకా అది ఆగకూడదు. స్కూల్లో పిల్లలు ఏదో అడిగితే నేను ఇంకేదో చెప్పాను.

జూలై 8, మంగళవారం

పొద్దుట్నుంచి ఉరుములు.

ఉరిమిందంటే అత్తయ్య ఇల్లంతా కట్టేస్తారు. టీవీ, ఫ్రిజ్, ఫ్యాన్, అన్నీ కట్టేయడమే. ఎప్పుడో పక్కింటి టీవీ పిడుగుకి పేలిపోయిందట. ఈ రోజు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి నేను అడ్డం నిలబడ్డాను. పిల్లల మార్కులున్నాయని అబద్ధం చెప్పాను. ఎద్దుకైనా పొద్దుగూకితే కాడి దింపుతారు గదమ్మా, దీన్నేటి ఇలగ రాచి రంపాన పెడతన్నావు అన్నారు. ఉరుములు తగ్గాక, నేను చూడడం లేదనుకుని, తన టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని వైపు తిప్పి పెట్టారు. ఉక్కలో విసనకర్రతో కూర్చున్నారు.

ఆ ఫ్యాన్ చూసి చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. పిరికిదాన్ని.

కరెంటు రెండుసార్లు పోయింది. యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయాయి.

జూలై 9, బుధవారం

ఆపరేషన్ బాగా జరిగిందట. ఇక ఆ గొంతు మా హాల్లోనే ఉంది.

జూలై 10, గురువారం

మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. స్కూల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. సిగ్నల్ ముక్కలు ముక్కలుగా వస్తోంది. అత్తయ్యా, కంప్యూటర్ కట్టేయకండి అని అరిచాను. సరేనమ్మా, సరే సరే అన్నారు. ఆ గొంతులో సంతోషం వినిపించింది. ఎందుకో ఆలోచించలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. టిక్ టిక్ లేదు.

అత్తయ్య టీ పెట్టి ఎదురొచ్చారు. నువ్వు సెప్పినట్టే కట్టేసినానమ్మా, ఆ డబ్బా కీచుమంటంటే దాని బొత్తం కూడా నొక్కేసినాను, ఇన్నాళ్లకి నా మాట నీ సెవికెక్కింది అన్నారు. ఆవిడకి వినిపించింది కట్టేయండి. ఒక్క క. ఆ ఒక్క అక్షరాన్ని సిగ్నల్ మింగేసింది.

అరిచాను. పెళ్లయ్యాక ఆవిడ మీద ఎప్పుడూ అరవలేదు. అదే ఊపులో అన్నీ చెప్పేశాను. గొంతు సంగతి, రికార్డింగుల సంగతి, లోకేష్ అబద్ధం, నా అబద్ధం. ఆవిడ ఏడవలేదు. అంటే ఆయన మరి మాటాడరా అని ఒక్కసారే అడిగారు. నేను తలూపాను. కంప్యూటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

గణేష్ భయ్యా బోట్ దిగి నేరుగా వచ్చాడు. బటన్ నొక్కాడు. లేవలేదు. ఇంకోసారి నొక్కాడు.

జూలై 11, శుక్రవారం

గణేష్ భయ్యా డిస్క్ విప్పి షాపుకి తీసుకెళతానంటే అత్తయ్య తనూ వస్తానన్నారు. చీర కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టారు. నావైపు చూడలేదు. తప్పు నాదే. చెప్పి ఉంటే ఉరుము కాదు, పిడుగు పడినా ఆ స్విచ్ మీద ఆవిడ చెయ్యి వేసేవారా?

జూలై 14, సోమవారం

గణేష్ భయ్యా ఫోన్ ఎత్తడం లేదు.

జూలై 17, గురువారం

ఒక్క ఫైల్ వచ్చింది. ఒక్కటే.

మిల్లు కబుర్లు పోయాయి. లిఖిత ముద్దుపేర్లు పోయాయి. వచ్చిన దాంట్లో మొదట వాన చప్పుడు. గుర్తొచ్చింది. ఆ రోజు రికార్డింగ్ అయ్యాక, వాన మొదలైతే బట్టలు తీయడానికి నేను మేడ మీదికి పరిగెత్తాను. ఆపడం మర్చిపోయాను. అత్తయ్య అప్పటికే బజారు నుంచి వచ్చేశారు, వంటింట్లో మిక్సీ వేస్తున్నారు. మామయ్య మౌస్‌ని అటూ ఇటూ కొట్టారు, దగ్గారు, నన్ను పిలిచారు. తర్వాత రహస్యం సంగతే మర్చిపోయి వంటింటివైపు ఒక్క కేక వేశారు.

ఇదిగో... దీన్నెలగ కట్టేయాలే?

ఆయన అత్తయ్యని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మా ఇంట్లో ఇదిగో అంటే అత్తయ్యే. గడ్డతో సన్నబడ్డ గొంతు, మిక్సీ మోతలో ఆవిడకి వినపడలేదు. ఫైల్ అయిపోయింది.

నేను నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అత్తయ్య మాత్రం మళ్లీ పెట్టమన్నారు. తర్వాత, తన ఫోన్‌లోకి ఎక్కించమన్నారు.

జూలై 29, మంగళవారం

మామయ్య ఇంటికి వచ్చారు. మెడకి తెల్లటి గుడ్డ. అన్నీ సైగలే.

వంటింట్లో అత్తయ్య ఫోన్ నొక్కారు. దీన్నెలగ కట్టేయాలే అని ఆ గొంతు ఇల్లంతా అడిగింది. హాల్లో మామయ్య తలెత్తారు.

కట్టేయకండి, అన్నారు అత్తయ్య. క గట్టిగా పలికింది.